హేరోదు ఎత్తుకున్న బిడ్డలు

మెదకు మిత్ర నాటక మండలికి యాభై ఏళ్ళు నిండాయట. స్వర్ణోత్సవ సంచిక వేస్తున్నారట. మండలి కార్యదర్శి మదన్ మోహన్ మొన్న మా ఇంటికి వచ్చి, టీ తాగి, నింపాదిగా అసలు సంగతికి దిగాడు.

"కృపాదానం సార్, మండలి పుట్టినప్పటి సంది ఉన్నోళ్ళల్ల మీరొక్కరే మిగిలిండ్రు. రెండు పేజీలల్ల చరిత్ర రాసియ్యుండ్రి. ఏ యేడు ఏ నాటకం ఆడిండ్రు, అధ్యక్షులెవరు, ముఖ్య అతిథి ఎవరు, గంతే. ఒక పాత ఫోటో గూడ దొరికితే మస్తుంటది."

ముఖ్య అతిథుల పేర్లు నాకు గుర్తు లేవు. అందరూ ఆలస్యంగా వచ్చి, అందరూ ఒకే ఉపన్యాసం ఇచ్చి, భోజనం చేసి వెళ్ళారు. అధ్యక్షులంటే కుర్చీ ఎవరు తెచ్చుకుంటే వాళ్ళే. ఇక చరిత్ర అంటావా, నాకు తెలిసిన చరిత్ర ఒక్కటే. అది రాస్తే మీ సంచికలో వేసుకోరు. వేసుకోకపోయినా రాస్తాను. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాక ఒకరి మెప్పు కోసం రాయాల్సిన ఖర్మ నాకేం పట్టలేదు.

మండలి 1936లో పుట్టింది. చర్చి కట్టినప్పుడు సున్నం నిల్వ చేసిన రేకుల కొట్టం ఒకటి ఉత్తినే పడి ఉండేది. దాన్ని ఊడ్చుకుని, గోడలకు అంటిన సున్నం గోకి, మేం నలుగురం కూర్చునేవాళ్ళం. నేను మిషన్ బడిలో పంతులును. నాటకం రాసేదీ, నేర్పేదీ, ఆడేటప్పుడు తెర వెనక కూర్చుని మాట అందించేదీ నేనే. వేషం మాత్రం ఏనాడూ కట్టలేదు. నా గొంతు పది మందికి వినిపించే గొంతు కాదు. మాట అందించేవాడికి ఒకటే నియమం: పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అందించాలి, తనది ఒక్క ముక్క కలపకూడదు. ఆ నియమం మీద నాకు గర్వం ఉండేది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

మొదటి నాటకం క్రీస్తు జననం. యోసేపు, దేవదూతలు, ముగ్గురు జ్ఞానులు, అన్ని వేషాలకూ పోటీ. హేరోదు వేషానికి మాత్రం ఒక్కడు ముందుకు రాలేదు. బేత్లెహేములో పసిపిల్లలందరినీ చంపించిన రాజు ఆయన. ఆ వేషం కడితే ఇంట్లో పిల్లలకు కీడని ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. గంట కొట్టే మోషే, దవాఖానాలో కాంపౌండరు జకరయ్య సిపాయి వేషాలకైతే సై అన్నారు.

"సిపాయిదేమున్నది సార్, రాజు చెప్పింది చేస్తడు. పాపం రాజు ఖాతల పడ్తది," అన్నాడు మోషే.

అప్పుడు అంగీల కొలతలు తీసుకోవడానికి వచ్చిన దర్జీ అస్గర్ ఒక మూల కూర్చుని మా గొడవంతా వింటున్నాడు. టేపు మెడలో వేసుకుని లేచాడు.

"నేను కట్త మాస్టర్ సాబ్. నాకు పిల్లలు లేరు గద, కీడు ఎవరికి తగుల్తది?"

నవ్వుతూనే అన్నాడు. ఆయనకూ ఖమర్ జహాన్‌కూ పెళ్ళయి పన్నెండేళ్ళు. పిల్లలు లేని సంగతి ఊరందరికీ తెలుసు. అయినా ఆ మాటకు మా నలుగురి తలలూ వంగాయి. హేరోదు వేషం ఆయనకే ఇచ్చాం.

నాటకం చర్చి వెనక మైదానంలో క్రిస్మస్ నాడు మధ్యాహ్నం ఆడేవాళ్ళం. అల్లాదుర్గ్, టేక్మాల్, చేగుంట పక్క పల్లెల నుంచి నడిచి వచ్చిన జనం వెలుతురు ఉండగానే తిరుగుదారి పట్టాలి మరి. అస్గర్ మనిషి బక్కపలచన, కళ్ళజోడు, మాట మెత్తన. కిరీటం పెట్టుకుని కత్తి ఎత్తి "ఒక్క పసికందు మిగలొద్దు" అని అరిచేసరికి, ముందు వరసలో చంకల్లో ఉన్న పిల్లలందరూ ఒక్కసారి గుక్కపట్టారు. నాటకం ఆగిపోయినంత పనైంది. ఆట ముగియగానే ఒక ముసలమ్మ మనవణ్ణి ఎత్తుకుని నేరుగా అస్గర్ మీదికి వచ్చింది.

"నా మనుమడు జడుసుకున్నడు. జడిపిచ్చినోడు ఎత్తుకుంటెనే జడుపు పోతది. ఎత్తుకో!"

అస్గర్ బిత్తరపోయి నా వైపు చూశాడు. ఎత్తుకోమని నేనే సైగ చేశాను. ఆయన పిల్లవాణ్ణి తీసుకుని, నడుముకు కట్టుకున్న గుడ్డ చెంగుతో వాడి ముక్కూ మొహం తుడిచి, ఏం మాట్లాడాలో తెలియక, "పిలగాడు మంచిగున్నడా?" అని అడిగాడు.

"మంచిగున్నడు. నీ చేతి చలువ," అంది ముసలమ్మ. పిల్లవాడు నిజంగానే ఏడుపు మానాడు.

అంతే, ఆనవాయితీ అయి కూర్చుంది. మరుసటి ఏడాది ఇరవై మంది తల్లులు, ఆ పై ఏడాది వంద మంది. నాటకం చూడటానికి వచ్చేవాళ్ళకంటే హేరోదు చేతిలో బిడ్డను పెట్టడానికి వచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు. క్రైస్తవులు, హిందువులు, ఊళ్ళో సాయబుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా. ఆయన ఎత్తుకున్న బిడ్డకు ఏడాదంతా రోగం రాదని చెప్పుకున్నారు. ఆ మాట పుట్టించింది ఎవరో కాదు, నేనే. ఎవరో అడిగితే వేళాకోళానికి అన్నాను. జనం పట్టుకున్నారు, నేను వదిలేశాను. నా నాటకానికి జనం వస్తున్నారు కదా అని లోపల సంబరం.

అస్గర్‌కు ఒక గుణం ఉంది. ఎత్తుకున్న ప్రతి బిడ్డా గుర్తుంటుంది. ఆరు నెలల తర్వాత ఆ తల్లి బజారులో కనిపించినా సరే, దుకాణంలో నుంచి తల బయటపెట్టి "పిలగాడు మంచిగున్నడా బిడ్డా?" అని అడిగేవాడు. ఆమె "మంచిగున్నడు, నీ చేతి చలువ" అంటేనే మళ్ళీ మిషన్ తొక్కేవాడు. సంవత్సరం పొడుగునా ఆయన ఆ జవాబు మీదే బతికాడని నాకిప్పుడు అనిపిస్తుంది.

1947 క్రిస్మస్ వచ్చింది. దేశానికి స్వరాజ్యం వచ్చింది గానీ మాకు రాలేదు. నిజాం రాజ్యం ఇండియాలో కలవనంది. నల్గొండ వైపు రైతులు బందూకులు పట్టారని కథలుగా చెప్పుకునేవాళ్ళు. మా పక్క రజాకార్లు ఖాకీ బట్టలు, భుజం మీదుగా అడ్డబెల్టులు వేసుకుని, కత్తులు తిప్పుకుంటూ పల్లెల మీద పడేవాళ్ళు. బడిలో ఆ పేరు ఎత్తాలంటే కిటికీ మూసి మాట్లాడుకునేవాళ్ళం.

ఆ ఏడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. హేరోదుకూ ఆయన సిపాయిలకూ కిరీటాలూ అంగరఖాలూ తీసేసి ఖాకీలు తొడిగితే? మాట ఒక్కటి మార్చక్కర్లేదు, పుస్తకం పుస్తకమే. చూసినవాడికి అర్థమవుతుంది, అడిగినవాడికి బైబిలు చూపిస్తాం. ఈ ఆలోచన అస్గర్‌కు చెప్పాను. ఆయన చాలాసేపు గుడ్డ మీద సుద్దముక్కతో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"మీ తోలు దొడ్డది మాస్టర్ సాబ్. ఊకె పుస్తకం పట్టుకోని తెర ఎన్క కూసుంటరు. కొడితె నన్ను గద కొడ్తరు," అన్నాడు. మళ్ళీ ఆయనే, "కని వాళ్ళు చేస్తున్నది చూస్తె నాకు సిగ్గయితది. కుడ్త తీయుండ్రి," అన్నాడు. మూడు జతల ఖాకీ ఆయనే కుట్టాడు. తనకు, మోషేకు, జకరయ్యకు.

ఆ నాటకం మా మండలి ఆడిన వాటన్నిటిలోకీ గొప్పది. జనం చప్పట్లు కొట్టలేదు. ఊపిరి బిగబట్టి చూశారు. అయిపోయాక తల్లులు ఎప్పటిలాగే వరస కట్టారు. ఖాకీ చూసి కాస్త జంకినా, లోపల ఉన్నది అస్గరే కదా అనుకున్నారు. ఆ వరసలో టేక్మాల్ అవతలి పల్లె నుంచి వచ్చిన మార్తమ్మ ఉంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, తొలిచూలు, మూడు నెలల మగబిడ్డ. ఆమె నాకెందుకు గుర్తుందంటే ఆ బిడ్డ అస్గర్ అడ్డబెల్టు గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

ఫోటో ఒకటి ఆ వేళే తీయించాను. హైదరాబాదు నుంచి ఎవరో చుట్టపుచూపుగా కెమెరాతో వచ్చాడు. అప్పటికే దేవదూతలు, జ్ఞానులు, మరియమ్మ వేషం కట్టిన పిల్లవాడు అందరూ బట్టలు విప్పేసి పలావు వడ్డించే చోటికి పరుగెత్తారు. మిగిలింది ఖాకీల ముగ్గురే. కొట్టం గోడ ముందు నిలబడ్డారు. అస్గర్ ఒక చేత్తో కత్తి ఎత్తి, ఒక చేతిలో గుడ్డలతో కుట్టిన బొమ్మబిడ్డను పట్టుకున్నాడు. ఎడమా కుడీ మోషే, జకరయ్య. తెర లేదు, వేదిక లేదు. "ముగ్గురూ కోపంగా చూడండి" అన్నది కూడా నేనే.

నాలుగు రోజుల తర్వాత రజాకార్లు ఇద్దరు అస్గర్ దుకాణానికి వచ్చారు. మన వేషం వేసి మన పరువు తీస్తావా అని అడిగారు. "నేను కట్టింది యూదుల రాజు వేషం. ఆయన మీకేమన్న చుట్టమా?" అన్నాడట. చెంప మీద కొడితే కళ్ళజోడు ఎగిరి పడి ఒక పుల్ల విరిగింది. ఆ తర్వాత ఆయన పుల్ల బదులు దారం కట్టుకుని చెవికి చుట్టుకునేవాడు.

సెప్టెంబరులో మిలిటరీ వచ్చింది. పోలీస్ యాక్షన్ ఐదు రోజుల్లో అయిపోయింది. మేం చర్చిలో గంటలు కొట్టి పాటలు పాడాం. మా ఊళ్ళో ఖాకీ వేసుకుని తిరిగినవాళ్ళు అప్పటికే ఎటో మాయమయ్యారు. కానీ పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా. గడ్డం ఉన్నవాణ్ణి, టోపీ ఉన్నవాణ్ణి, ఎవరికో గిట్టనివాణ్ణి తీసుకొచ్చి డాక్‌బంగళా ఆవరణలో కూర్చోబెట్టారు. పల్లెల నుంచి బాధితులను పిలిపించి వరస ముందు నడిపించి గుర్తుపట్టమనేవారు. ఆఫీసరుకు తెలుగు రాదు. ఇంగ్లీషు వచ్చిన పంతులు కావాలని నన్ను పిలిచారు. వాళ్ళు చెప్పింది ఆయనకూ, ఆయన అడిగింది వాళ్ళకూ అందించడం నా పని. అలవాటైన పనే అనుకున్నాను.

రెండో రోజు వరసలో అస్గర్ ఉన్నాడు. నాకు భయం వేయలేదు. అస్గర్‌ను ఎవరు గుర్తుపడతారు? ఊరందరికీ తెలిసిన మనిషి. సాయంత్రానికి వదిలేస్తారు, ఇద్దరం కలిసి టీ తాగుతాం అనుకున్నాను. ఆయన కూడా నన్ను చూసి, చేతులు వెనక కట్టుకుని నిలబడి, దారం కట్టిన కళ్ళజోడులో నుంచి నవ్వాడు.

పదకొండు గంటలకు మార్తమ్మను తీసుకొచ్చారు.

ఆషాఢంలో రజాకార్లు వాళ్ళ పల్లె మీద పడ్డారు. ఇళ్ళు అంటుకుంటే ఆమె బిడ్డను చంకనేసుకుని పరుగెత్తి తుప్పల్లో దాక్కుంది. మూడు రోజులు వాన. పొయ్యి లేదు, పొడిగుడ్డ లేదు. బిడ్డకు రొమ్ముపడిశం పట్టి నాలుగో నాడు పోయాడు. ఇదంతా ఆమె ముందే చెప్పింది, నేను ఇంగ్లీషులో చెప్పాను, ఆఫీసరు రాసుకుని ఆమె వేలిముద్ర తీసుకున్నాడు. మంచివాడే ఆ ఆఫీసరు. ఆమెకు మంచినీళ్ళు ఇప్పించాడు. తర్వాత వరస ముందు నడవమన్నాడు.

ఆమె ఒక్కొక్క మొహమే చూసుకుంటూ, తల అడ్డంగా ఊపుతూ వస్తోంది. అస్గర్ దగ్గరికి ఇంకా రాలేదు. ఆయనే ఆమెను చూశాడు. చూసి గుర్తుపట్టాడు. మొహం విప్పారింది, వెనక కట్టుకున్న చేతులు ముందుకు వచ్చాయి. ఎక్కడున్నాడో, ఎందుకు నిలబెట్టారో మరిచిపోయాడు మనిషి. పదకొండేళ్ళ అలవాటు.

"పిలగాడు మంచిగున్నడా బిడ్డా?" అన్నాడు.

మార్తమ్మ ఆగిపోయింది. ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఆయన చేతులు పట్టుకుంది, రెండూ. ఆమె పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"గీ చేతులల్లనే పెట్టిన నా పిలగాణ్ణి! గీ చేతులల్లనే పెట్టిన!"

అని నేల మీద కూలబడి తల కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆఫీసరు లేచి వచ్చాడు. వాడు ఏమన్నాడు, ఆమె ఏమంది అని నన్ను అడిగాడు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బిడ్డ బాగున్నాడా అని ఆయన అడిగాడు, నా బిడ్డను ఈ చేతుల్లోనే పెట్టాను అని ఆమె అంది. ఆఫీసరు మొహం మారిపోయింది. ఈమెకు బిడ్డ ఉన్న సంగతి వీడికెట్లా తెలుసు అన్నాడు.

ఇంకో రెండు ప్రశ్నలు అడిగించాడు. ఈ మనిషి ఒంటి మీద ఖాకీ చూశావా? ఏడుపులోనే తల ఊపింది. చేతిలో కత్తి చూశావా? మళ్ళీ ఊపింది. ఎక్కడ చూశావని కూడా అడగండని నేను బతిమాలాను. అడగమన్నాడు. అప్పటికి ఆమెకు తెలివి తప్పింది, బండెక్కించి పల్లెకు పంపేశారు.

అప్పుడు జీవితంలో మొదటిసారి పుస్తకంలో లేని మాట కలిపాను. నాటకం సంగతంతా చెప్పాను. ఆఫీసరు కోప్పడలేదు. ఓపికగా విన్నాడు. విని, నేను చెప్పినదాన్ని తిరిగి నాకే చెప్పాడు: "ఒక ముస్లిం దర్జీ, క్రిస్మస్ నాటకంలో, యూదుల రాజుగా, రజాకారు బట్టలు వేసుకుని పిల్లలను చంపుతాడు. ఆ తర్వాత తల్లులు వాళ్ళ పిల్లలను తెచ్చి వాడి చేతిలోనే పెడతారు. ఇదేనా మీరు చెప్పేది?"

ఇదే అన్నాను. ఆయన నోట వింటుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. కళ్ళజోడు పగలగొట్టింది రజాకార్లేనని కూడా చెప్పాను. ఆయన ఆ దారం వైపు చూశాడు. రుజువు ఏమైనా ఉందా అన్నాడు.

ఉంది అన్నాను. ఇంటికి పరుగెత్తాను. నలభై ఏళ్ళ పంతులు బజారులో పంచె ఎగగట్టి పరుగెత్తుతుంటే జనం తప్పుకున్నారు. బీరువాలోంచి ఫోటో తీసుకుని మళ్ళీ పరుగెత్తాను. దారి పొడుగునా దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను, ఆ రోజు ఫోటో తీయించే బుద్ధి నాకు పుట్టించినందుకు. రొప్పుతూ తీసుకెళ్ళి ఆఫీసరు చేతిలో పెట్టాను.

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన భుజం మీదుగా నేనూ చూశాను. అప్పుడు కనిపించింది నాకు ఆ ఫోటోలో ఏముందో. గోడ ముందు ఖాకీల్లో ముగ్గురు మనుషులు. నడిమివాడి ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో బిడ్డ.

"ఈ ఇద్దరూ ఎవరు?" అన్నాడు ఆఫీసరు.

జకరయ్య అక్కడే ఉన్నాడు. పది అడుగుల దూరంలో, వరండాలో, ఎవరి కాలికో కట్టు కడుతున్నాడు. ఆయన చేయి ఆగిపోయింది. నా వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం తప్ప ఇంకేం లేదు. ఆయనకు నలుగురు పిల్లలు. మోషేకు ముగ్గురు. పేర్లు చెబితే నాటకమని తేలుతుందా? లేక వరసలో ఇంకో ఇద్దరు చేరతారా? క్రైస్తవులని వదిలేస్తారా, రజాకార్లతో కలిసిన క్రైస్తవులని మాకందరికీ ముప్పు తెస్తారా? నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

అస్గర్ వరండా వైపు కన్నెత్తి చూడలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన చెప్పవచ్చు, ఆ ఇద్దరిలో ఒకడు అదుగో అక్కడే ఉన్నాడని. చెప్పలేదు.

"చెప్పండి మాస్టర్, ఎవరు వీళ్ళు?"

నేను నోరు తెరవలేదు. జకరయ్య నోరు తెరవలేదు. కాసేపటికి కట్టు కట్టడం మళ్ళీ మొదలుపెట్టాడు. ఆఫీసరు ఫోటోను కాగితాల మధ్య పెట్టి ఫైలు మూశాడు. మదన్ మోహన్, నువ్వు అడిగిన పాత ఫోటో అదే. ఏ ఆఫీసులో ఉందో కనుక్కుని అచ్చు వేసుకో.

సాయంత్రం లారీ ఎక్కిస్తుంటే దగ్గరికి వెళ్ళాను. క్షమించమని అడుగుదామని వెళ్ళాను. అస్గరే ముందు మాట్లాడాడు.

"ఇంట్ల జర చెప్పుండ్రి మాస్టర్ సాబ్. మిషన్ మీద పెండ్లోళ్ళ బట్ట ఉన్నది. చేతులు కుట్టేదే ఉన్నది, వేరే దర్జీకి ఇయ్యమనుండ్రి. ఆదివారం పెండ్లి."

తర్వాత, "ఆ పోరి పిలగాడు నిజంగనే సచ్చిపోయిండా?" అని అడిగాడు. అవునన్నాను. లారీ కదిలింది.

ఖమర్ జహాన్ తలుపు చాటు నుంచి ఎన్ని దినాలని అడిగింది. రెండు మూడు దినాలన్నాను.

ఆ ఆదివారం చర్చి బయట మోషే నా చేయి పట్టుకున్నాడు. "మా పేర్లు చెప్పకపోతిరి సార్, మంచిగ చేసిండ్రు. మీ రుణం తీర్చుకోలేం," అన్నాడు. నన్ను చెప్పుతో కొట్టినా అంత బాధ ఉండేది కాదు. రేపు మనం ముగ్గురం కలిసి వెళ్ళి చెబుదాం రా అన్నాను. సరే అన్నాడు. రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. జకరయ్య నన్ను చూస్తే సందు మారేవాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఒక్కణ్ణే వెళ్ళి వాళ్ళ పేర్లు చెప్పి ఉండొచ్చు కదా. కోపం వాళ్ళ మీద చూపించుకుంటూ తిరిగాను, అంతే.

వారం తర్వాత మార్తమ్మ పల్లెకు నడిచి వెళ్ళాను. కాలిన గోడ పక్కన కూర్చుని ఉంది. నాటకంలో చూసిన మనిషిని రజాకారని ఎట్లా చెప్పావమ్మా అని అడిగాను. కాస్త గట్టిగానే అడిగాను.

"నేనెప్పుడు చెప్పిన సారూ?" అంది. "ఆయన మా ఊరికి వచ్చిండని నేను అన్లే. ఆయన ఎత్తుకున్న పిలగానికి యాడాది దాంక రోగం రాదని మీరే గద చెప్పిండ్రు. గీ చేతులల్లనే పెట్టిన, అయినా నా పిలగాడు దక్కలే అని ఏడ్చిన. గంతే గద నేను అన్నది."

ఆమె పక్కనే కూర్చున్నాను. ఆ మాట నాదే. నేను వేళాకోళానికి అన్నదాన్ని ఆమె ఏడు నెలలు నమ్ముకుంది.

అస్గర్‌ను పట్టుకుపోయారని ఆమెకు తెలియనే తెలియదు. చెప్పగానే కొంగు నడుముకు దోపి, "నడువుండ్రి సారూ, నేనే చెప్త," అంది. ఇద్దరం మెదకు దాకా నడిచాం. డాక్‌బంగళాలో ఆ ఆఫీసరు లేడు, బదిలీ అయ్యాడు. కొత్తాయన ఫైలు పైకి పోయిందన్నాడు. ఆమె వేలిముద్ర వేసిన కాగితం కూడా దానితోనే పోయిందట. అర్జీ పెట్టుకోండి అన్నాడు. పద్నాలుగు అర్జీలు రాశాను. ఒక్కదానికి మాత్రం జవాబు వచ్చింది, అర్జీ అందిందని.

పంతొమ్మిది నెలల తర్వాత, 1950 ఏప్రిల్‌లో అస్గర్ తిరిగి వచ్చాడు. ఎందుకు వదిలారో ఎవరూ చెప్పలేదు. కళ్ళజోడు లేదు. సూదిలో దారం ఎక్కించలేకపోతే ఖమర్ జహాన్ ఎక్కించి ఇచ్చేది. నాతో కోపంగా ఉంటే బాగుండేది. "రాండ్రి మాస్టర్ సాబ్" అని ఎప్పటిలాగే స్టూలు జరిపేవాడు. బజారులో చంకన బిడ్డతో ఆడమనిషి ఎదురైతే మాత్రం రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోయేవాడు. ఆయన లేని రెండు క్రిస్మస్‌లకూ నాటకం ఆడలేదు, ఆ ఏడూ ఆడలేదు. మరుసటి ఏడూ ఆడలేదు. కొట్టానికి తాళం నేనే వేశాను. మీరు పన్నెండేళ్ళ తర్వాత తాళం తీసి ఆడిన నాటకాల సంగతి మీరే రాసుకోండి.

1951 క్రిస్మస్ మర్నాడు మార్తమ్మ మా ఇంటికి వచ్చింది. చేతిలో రెండు నెలల ఆడపిల్ల.

"జర నన్ను ఆయన తానికి తోల్కపోండ్రి సారూ," అంది.

తీసుకెళ్ళాను. అస్గర్ మిషన్ తొక్కుతున్నాడు. తల ఎత్తి ఆమెను చూశాడు, బిడ్డను చూశాడు. చక్రం మీద చేయి పెట్టి ఆపాడు. మార్తమ్మ బిడ్డను రెండు చేతుల మీద పెట్టి ఆయన వైపు చాపింది.

ఆయన ముందు కత్తెర తీసి వెనక అరలో పెట్టాడు. సూదులు గుచ్చిన గుడ్డ తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి, గోడకు ఆనుకునే దాకా వెనక్కి జరిగి, చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. డాక్‌బంగళాలో ఎట్లా నిలబెట్టారో అట్లాగే.

మేం ఇద్దరం ఆ ఒక్క మాట కోసం చూశాం. పిల్ల మంచిగున్నదా బిడ్డా అని అడిగితే చాలు. నాటకంలో ఆయన ఎక్కడ ఆగినా అందించినవాణ్ణి నేను. ఆ వేళ మాట నా నోటి దాకా వచ్చింది, అందించడానికి నాకు మొహం చెల్లలేదు.

మార్తమ్మ బిడ్డను వెనక్కి తీసుకోలేదు. చివరికి, ఆయన అడగని దానికి ఆమే జవాబు చెప్పింది.

"మంచిగున్నది మామా," అంది. "నీ చేతి చలువ."

అస్గర్ తల ఊపాడు. ఇంకోసారి ఊపాడు. కళ్ళ నుంచి నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి కూడా ఆయన చేతులు ముందుకు తీయలేదు.